కమ్మీ బొమ్మ ఏం చెబుతోంది?



మీ పిల్లల లెక్కల పుస్తకం ఒకసారి తీసి చూడండి. అందులో ఒక పాఠంలో అక్షరాలు తక్కువగా ఉంటాయి. అంకెలు కూడా తక్కువే. పొడుగ్గా, పొట్టిగా నిలబడిన పట్టీలు మాత్రం కనిపిస్తాయి. కొన్నిటికి రంగులు వేసి ఉంటాయి. కొన్నిటిలో గీతలు గీసి ఉంటాయి.

పిల్ల వచ్చి "అమ్మా, ఇదేంటి?" అని అడుగుతుంది.

"నాకేం తెలుసే, పోయి మీ సారునడుగు" అంటాం. అలా అనకండి. మీరు అక్షరాలు నేర్చుకున్నారు. వందదాకా లెక్క వచ్చు. ఈ బొమ్మ చదవడానికి ఆ రెండూ చాలు. మీరు చదవడం నేర్చుకుంటే పిల్లకు నేర్పగలరు. ఇది బడి లెక్క మాత్రమే కాదు. మన సంసారం లెక్క కూడా ఇందులోనే ఉంది. ఎలాగో చూద్దాం.

కమ్మీ అంటే ఏమిటి?

కిటికీకి ఇనుప కమ్మీలు ఉంటాయి కదా. బొమ్మలో ఉన్న పట్టీలు కూడా అలాగే వరుసగా నిలబడి ఉంటాయి. అందుకే బడి పుస్తకంలో దీన్ని 'కమ్మీ చిత్రం' అంటారు. 'కమ్మీ రేఖాచిత్రం' అని కూడా రాస్తారు. మనం కమ్మీ బొమ్మ అనుకుందాం.

కిటికీ కమ్మీలన్నీ ఒకే పొడుగు. ఈ బొమ్మలో మాత్రం ఒక్కో కమ్మీ ఒక్కో పొడుగు. ఎక్కువ ఉంటే పొడుగు కమ్మీ. తక్కువ ఉంటే పొట్టి కమ్మీ. అసలు సంగతి అంతే.

ముగ్గుతో మొదలుపెట్టండి

పుస్తకంతో మొదలుపెట్టొద్దు. వాకిట్లో మొదలుపెట్టండి. పిల్లను వెంటబెట్టుకుని మీ వీధిలో తిరగండి. ఎన్ని మేకలు, ఎన్ని గేదెలు, ఎన్ని కోళ్లు, ఎన్ని ఎద్దులు ఉన్నాయో లెక్కపెట్టమనండి. ఇలా వచ్చాయి అనుకుందాం:

మేకలు 8
గేదెలు 5
కోళ్లు 12
ఎద్దులు 2

ఇప్పుడు చుక్కల ముగ్గు గుర్తు చేసుకోండి. చుక్కలు సమంగా పెట్టకపోతే ముగ్గు వంకర పోతుంది. ఇక్కడ కూడా అంతే. నేల మీద సమంగా చుక్కలు పెట్టండి. చుక్కలు కలిపి గడులు గీయండి. ఒక మేకకు ఒక గడి. 8 మేకలకు 8 గడులు, ఒకదాని మీద ఒకటి. పక్కన కొంచెం చోటు వదిలి గేదెలకు 5 గడులు. అలాగే కోళ్లకు, ఎద్దులకు. పిల్ల చేత పసుపో, ఎర్రమట్టో తెప్పించి గడులు నింపమనండి.

అదే కమ్మీ బొమ్మ!

ముగ్గు వేయడం కుదరకపోతే అగ్గిపెట్టెలు పేర్చండి. చింతగింజలు కూడా పేర్చవచ్చు. కానీ జాగ్రత్త. గింజలను ఒక వరుసలో దగ్గర దగ్గరగా, ఇంకో వరుసలో దూరం దూరంగా పెడితే 5 గింజల వరుస 8 గింజల వరుస కన్నా పొడుగ్గా కనిపిస్తుంది. అది తప్పు బొమ్మ అవుతుంది. కాబట్టి రెండు నియమాలు పిల్లకు చెప్పండి.

ఒకటి: కమ్మీలన్నీ ఒకే గీత మీద నుంచి మొదలు కావాలి.
రెండు: గడులన్నీ ఒకే కొలతలో ఉండాలి.

బొమ్మను ఏ వరుసలో చదవాలి?

కమ్మీలు కంటికి ఇంపుగా ఉంటాయి. అందుకే పిల్లలు ముందు వాటినే చూస్తారు. అలా కాదు. ఈ వరుసలో చదవమనండి.

1. పైన ఉన్న పేరు. ఇది దేని గురించిన బొమ్మ?
2. కింది గీత దగ్గర రాసిన మాటలు. ఏ కమ్మీ దేనిది?
3. ఎడమ పక్క నిలువు గీత మీద అంకెలు. ఇవి మనుషులా, రోజులా, రూపాయలా, కిలోలా?
4. స్కేలు. ఒక గడి అంటే ఎంత?
5. చివరకు కమ్మీలు.

పేరు చదవకుండా కమ్మీ చూడటం బోర్డు చూడకుండా బస్సు ఎక్కడం లాంటిది.

స్కేలు దగ్గర తడబాటు

పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. మేకలు 8 ఉంటే 8 గడులు గీశాం. మరి ఊళ్లో 800 మంది ఉంటే 800 గడులు గీయగలమా? కాగితం చాలదు. అందుకే ఒక గడికి వంద మంది అని ముందే ఒప్పందం చేసుకుంటారు. అప్పుడు 8 గడులు చాలు. ఈ ఒప్పందాన్నే స్కేలు అంటారు.

కోడిగుడ్లను అట్టల్లో అమ్ముతారు. ఒక అట్టలో 30 గుడ్లు. "మూడు అట్టలు దించు" అంటే 90 గుడ్లు అని అందరికీ తెలుసు. మూడు గుడ్లు అని ఎవరూ అనుకోరు. స్కేలు కూడా అంతే. ఒక గడి అంటే 10 అని రాసి ఉంటే, 4 గడుల కమ్మీ 40 అవుతుంది. నాలుగు కాదు. నాలుగున్నర గడులు ఉంటే 45.

కమ్మీ చివర ఏ అంకె దగ్గర ఉందో కంటితో పోల్చుకోవడం కష్టం. ఒక చీపురుపుల్ల తీసుకోండి. కమ్మీ పైకొస మీద అడ్డంగా పెట్టండి. పుల్ల నిలువు గీతను ఎక్కడ తాకిందో అక్కడి అంకె చదవమనండి. ఇక తడబాటు ఉండదు.

మూడు రకాల ప్రశ్నలు

ఇప్పుడు ఒక బొమ్మ చదువుదాం. ఐదో తరగతి చదివే ఒక పాప ఏ నెలలో ఎన్ని రోజులు బడికి వెళ్లిందో ఈ బొమ్మ చెబుతుంది. ఇవి మనం అనుకున్న అంకెలే. అచ్చు వేయడానికి వీలుగా కమ్మీలను పడుకోబెట్టాం. నిలబడినా, పడుకున్నా కమ్మీ కమ్మీయే.

పాప బడికి వెళ్లిన రోజులు
(ఒక గడి అంటే 2 రోజులు)

ఆగస్టు ■■■■■■■■■■
సెప్టెంబరు ■■■■■■■■■■■
అక్టోబరు ■■■■■
నవంబరు ■■■■
డిసెంబరు ■■■■■■■■

దీని మీద మూడు రకాల ప్రశ్నలు అడగవచ్చు.

మొదటి రకం, చూసి చెప్పేవి. ఆగస్టులో ఎన్ని రోజులు వెళ్లింది? 10 గడులు. గడికి 2 రోజులు. అంటే 20 రోజులు. పిల్ల "పది" అంటే స్కేలు మరిచిపోయిందని అర్థం.

రెండో రకం, పోల్చి చెప్పేవి. సెప్టెంబరు కన్నా నవంబరులో ఎన్ని రోజులు తగ్గాయి? సెప్టెంబరులో 22. నవంబరులో 8. తేడా 14 రోజులు.

మూడో రకం, ఆలోచించి చెప్పేవి. అక్టోబరులో, నవంబరులో కమ్మీలు ఎందుకు పొట్టిగా ఉన్నాయి?

బడిలో మొదటి రెండు రకాల ప్రశ్నలకు ఎలాగో జవాబు రాయిస్తారు. మూడో ప్రశ్నకు జవాబు బొమ్మలో ఉండదు. కమ్మీ ఎంత అనే చెబుతుంది. ఎందుకు అని చెప్పదు. ఆ ఎందుకు అనేది మనుషులకే తెలుస్తుంది. అందుకే ఈ ప్రశ్న దగ్గర అమ్మ సాయం చాలా అవసరం.

తొందరపడి చెప్పకూడదు. ముందు ఇంకో సంగతి అడగాలి. అసలు ఆ నెలల్లో బడి ఎన్ని రోజులు నడిచింది? ఆ కమ్మీని కూడా పక్కన పెడదాం. ఇలా ఒకదాని పక్కన ఒకటి ఉన్న వాటిని జంట కమ్మీలు అనుకుందాం.

(■ పాప వెళ్లిన రోజులు, □ బడి నడిచిన రోజులు. ఒక గడి అంటే 2 రోజులు)

అక్టోబరు
■■■■■
□□□□□□

నవంబరు
■■■■
□□□□□□□□□□□

చూశారా? అక్టోబరులో బడి నడిచిందే 12 రోజులు. ఆ ఏడు దసరా సెలవులు ఆ నెలలో వచ్చాయి అనుకుందాం. 12 రోజుల్లో పాప 10 రోజులు వెళ్లింది. తప్పేమీ లేదు. నవంబరులో బడి 22 రోజులు నడిచింది. పాప వెళ్లింది 8 రోజులే. 14 రోజులు పోయాయి.

రెండు కమ్మీలూ పొట్టివే. కానీ రెండు కారణాలు వేరు. నవంబరులో మన ఊళ్లలో ఏం పని ఉంటుంది? పత్తి ఏరే పని. అమ్మతో పాటు పాప కూడా చేనుకు వెళ్లి ఉండవచ్చు. లేదా అమ్మ చేనుకు పోతే చంటివాడిని ఎత్తుకుని ఇంట్లో ఉండి ఉండవచ్చు. లేదా జ్వరం వచ్చి ఉండవచ్చు. ఇందులో ఏది నిజమో బొమ్మ చూసి చెప్పలేం. ఆ ఇంటివాళ్లను అడగాలి.

అడిగితే ఏమవుతుంది? 14 రోజుల పాఠాలు పోయాయని తెలుస్తుంది. భాగహారం ఆ రోజుల్లోనే చెప్పి ఉంటే పాపకు భాగహారం రాదు. తర్వాత "మా పిల్లకు లెక్కలు ఎక్కవు" అంటాం. ఎక్కకపోవడం కాదు. ఆ పాఠం నాడు పిల్ల బడిలో లేదు. 6 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా ప్రతి పిల్లకూ ఉచితంగా చదువు చెప్పాలని 2009లో విద్యా హక్కు చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. చట్టం హక్కు ఇచ్చింది. ఆ హక్కు మన పిల్లకు ఏ నెలలో చేజారుతోందో ఇలాంటి బొమ్మ చూపిస్తుంది. వచ్చే నవంబరులో చంటివాడిని ఎవరు చూసుకోవాలో ముందే ఆలోచించుకోవచ్చు. సంఘంలో నలుగురూ మాట్లాడుకోవచ్చు.

మీ గురించిన బొమ్మ

ఈసారి అనుకున్న అంకెలు కాదు. నిజం అంకెలు. పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీస్తారు. ఏడేళ్లు, ఆపైన వయసున్న వాళ్లలో చదవడం, రాయడం వచ్చిన వాళ్లు ఎందరో అందులో రాస్తారు. ఇవి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లెక్కలు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. అంతకు ముందరి లెక్కలు కాబట్టి రెండు రాష్ట్రాలూ ఇందులో ఉన్నాయి.

వంద మందిలో చదువు వచ్చిన వాళ్లు
(ఒక గడి అంటే 5 మంది. గడులు దాదాపుగా వేశాం)

1991
ఆడవాళ్లు ■■■■■■▌ 33
మగవాళ్లు □□□□□□□□□□□ 55

2001
ఆడవాళ్లు ■■■■■■■■■■ 50
మగవాళ్లు □□□□□□□□□□□□□□ 70

2011
ఆడవాళ్లు ■■■■■■■■■■■■ 59
మగవాళ్లు □□□□□□□□□□□□□□□ 75

చూసి చెప్పండి. 1991లో వంద మంది ఆడవాళ్లలో చదువు వచ్చిన వాళ్లు ఎందరు? 33 మంది. అంటే మిగతా 67 మందికి రాదు.

పోల్చి చెప్పండి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య తేడా 1991లో 22. 2001లో 20. 2011లో 16. తేడా తగ్గుతోంది. కానీ పోలేదు.

ఇంకొకటి చూడండి. 1991 నుంచి 2001కి ఆడవాళ్ల కమ్మీ 17 పెరిగింది. తర్వాతి పదేళ్లలో 9 మాత్రమే పెరిగింది. ఎందుకు? మళ్లీ అదే మాట. కమ్మీ చెప్పదు. మనం ఆలోచించాలి. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. 1990 తర్వాత జిల్లా జిల్లాకూ అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. పగలు కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రి లాంతరు ముందు పలకలు పట్టారు. బడికి పోయే ఆడపిల్లలూ పెరిగారు. ఇవన్నీ ఆ 17లో ఉన్నాయి. ఏది ఎంత అని మాత్రం ఈ ఒక్క బొమ్మ చూసి చెప్పలేం.

ఈ బొమ్మ మీ పిల్లకు చూపించండి. "నాలాగా చదువు నేర్చుకున్న వాళ్లు చేరితేనే ఈ నల్ల కమ్మీ పొడుగవుతుంది" అని చెప్పండి.

పొడుగు కమ్మీ అంటే మంచిదేనా?

కాదు. పిల్లలు పొడుగు కమ్మీ గెలిచిందని అనుకుంటారు. చదువు వచ్చిన వాళ్ల కమ్మీ పొడుగ్గా ఉంటే మంచిదే. మలేరియా జ్వరాల కమ్మీ పొడుగ్గా ఉంటే మంచిదా? అప్పుల కమ్మీ పొడుగ్గా ఉంటే మంచిదా? అందుకే ముందు పేరు చదవాలని చెప్పింది.

బొమ్మ చూపి మోసం చేస్తారు, జాగ్రత్త!

ఒక విత్తనాల కరపత్రం మీ చేతికి వచ్చింది అనుకుందాం. అందులో రెండు కమ్మీలు ఉన్నాయి.

ఎకరాకు దిగుబడి
మా విత్తనం ■■
వేరే విత్తనం ■

చూడగానే ఏమనిపిస్తుంది? రెండింతలు పండుతుందనిపిస్తుంది. ఇప్పుడు పక్కన ఉన్న అంకెలు చదవండి. గీత 0 దగ్గర మొదలు కాలేదు. 10 క్వింటాళ్ల దగ్గర మొదలైంది. ఒక గడి అంటే ఒక క్వింటా. అంటే వాళ్ల విత్తనం 12 క్వింటాళ్లు. వేరేది 11 క్వింటాళ్లు. తేడా ఒక్క క్వింటా! 0 నుంచి గీస్తే అసలు బొమ్మ ఇది.

మా విత్తనం ■■■■■■■■■■■■
వేరే విత్తనం ■■■■■■■■■■■

ఇద్దరు మనుషులు మెడ లోతు నీళ్లలో నిలబడ్డారు అనుకోండి. తలలు మాత్రమే చూసి ఎవరు ఎంత పొడుగో చెప్పగలమా? కాళ్ల దగ్గర నుంచి చూడాలి. కమ్మీని కూడా 0 దగ్గర నుంచి చూడాలి.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. ఏ నేలలో పండింది? నీళ్లు ఉన్న చేనా, వానాధారమా? ఏ సంవత్సరం? ఇవి అడగకుండా విత్తనం కొంటే నష్టపోయేది మనమే. పిల్లకు ఈ సంగతి చెప్పి, పేపర్లో వచ్చే బొమ్మలు కూడా చూపించండి. 0 ఎక్కడుందో వెతకమనండి. ఇది మంచి ఆట.

మొదట ఎవరు గీశారు?

బ్రిటన్‌లో విలియం ప్లేఫెయిర్ అనే ఆయన 1786లో ఒక పుస్తకం వేశాడు. స్కాట్లాండ్ ఏ దేశాలకు ఎంత సరుకు అమ్మింది, ఎంత కొన్నది అని అందులో కమ్మీలతో చూపించాడు. 17 చోట్ల లెక్క ఒకే కాగితం మీద వచ్చింది. అన్ని అంకెలు వరుసగా చదివితే బుర్రకు ఎక్కవు. కమ్మీలు చూస్తే ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో ఇట్టే తెలుస్తుంది. ఆయన చూపిన దారే ఇప్పుడు మన పిల్లల పుస్తకంలోకి వచ్చింది.

పిల్లతో కూర్చున్నప్పుడు

జవాబు మీరే చెప్పేయకండి. పిల్ల చెప్పేదాకా ఆగండి.

తప్పు చెబితే కసురుకోకండి. "నీకు ఎలా తెలిసింది? వేలు పెట్టి చూపించు" అనండి. వేలు పెట్టి చూపించేటప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో పిల్లకే తెలుస్తుంది.

మీకు తెలియకపోతే "నాకూ తెలియదు, ఇద్దరం చూద్దాం" అనండి. చిన్నతనం ఏమీ లేదు.

ఒక్క ప్రశ్న మాత్రం రోజూ అడగండి: "ఎందుకు ఇలా ఉంది?"

చేసి చూడండి

1. ఒక వారం పాటు మీ ఇంట్లో రోజుకు ఎన్ని బిందెల నీళ్లు మోశారో గోడ మీద గీతలు పెట్టండి. వారం చివర పిల్ల చేత కమ్మీ బొమ్మ గీయించండి. ఏ బిందె ఎవరు మోశారో కూడా రాయండి. మీ కమ్మీ, మీ ఆయన కమ్మీ, కూతురి కమ్మీ, కొడుకు కమ్మీ పక్క పక్కన పెట్టండి. ఇంటిల్లిపాదికీ చూపించండి.

2. మీ పొదుపు సంఘం పుస్తకం తీయండి. ఆరు నెలల్లో ఏ నెల ఎంత పొదుపు జమ అయిందో కమ్మీలు గీయండి. ఒక గడికి ఎన్ని రూపాయలో ముందే నిర్ణయించుకోండి. ఏ నెల కమ్మీ పొట్టిగా ఉంది? ఆ నెల పనులు లేవా? పెళ్లిళ్లు వచ్చాయా? జ్వరాలు వచ్చాయా?

3. బడికి వెళ్లి మీ పిల్ల హాజరు నెలవారీగా అడిగి రాసుకోండి. బడి నడిచిన రోజులు కూడా అడగండి. జంట కమ్మీలు గీయండి. పొట్టి కమ్మీ ఏ నెలదో చూడండి. ఎందుకో మీకే తెలుస్తుంది.